ఊఁ కొట్టే యంత్రం

"ఇది వినడం లేదప్పా. లెక్కబెడతాంది."

కోకాపేటలోని ఆ ప్రయోగశాలలో అడుగుపెట్టాక భానుశ్రీ ఇచ్చిన మొదటి తీర్పు అది. పక్కనే నిలబడిన రవీందర్‌కు సూటిగా తగిలింది. ఎందుకంటే ఆమె తప్పుపట్టిన యంత్రానికి చెవులు అమర్చినవాడు అతడే.

యంత్రం పేరు మారు. కొరియా ఇళ్ళలో గదుల ముందు చెక్కతో కట్టిన చావడిని ఆ పేరుతో పిలుస్తారు. నలుగురూ కూర్చుని కబుర్లు చెప్పుకొనే మన అరుగు లాంటిదన్నమాట. సియోల్‌లోని ఒక విశ్వవిద్యాలయమూ, హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థా కలిసి దీన్ని తయారుచేస్తున్నాయి. ఒంటరి వృద్ధులు కథలు చెబితే అది వినాలి. వింటున్నానని తెలిసేలా మధ్యమధ్య ఊఁ కొట్టాలి. నడవనక్కరలేదు, చేతులు కదపనక్కరలేదు. వినడం ఒక్కటే దాని ఉద్యోగం. మనుషుల్లో చాలామందికి చేతకాని ఉద్యోగం.

"మేడం, దానికి చానా డేటా ఇచ్చినం. రెస్పాన్స్ రేట్ మంచిగనే ఉంది," అన్నాడు రవీందర్, తెరమీది గీతలను చూపిస్తూ.

"కథలో ముసలాయన చచ్చిపోయినాడని చెప్తే, పెండ్లిపిలుపు అందినట్టు ఊఁ అంటాందే! మీ ఇంట్లో ఎవరన్నా పోతే మీరూ ఇట్లనే అంటారా?"

"మా ఇంట్ల ఎవ్వరు పోలేదు మేడం."

"పోవద్దులేప్పా, అందరూ నూరేళ్ళుండనీ. దీనికి మాత్రం కాస్త బుద్ధి చెప్పండి."

బల్ల దగ్గర కూర్చున్న ప్రొఫెసర్ సో మిగ్యంగ్‌కు ఈ సంభాషణలో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె సియోల్ నుంచి వచ్చిన రోబోటిక్స్ నిపుణురాలు, ఈ ప్రాజెక్టుకు పెద్ద. కాని రవీందర్ ముఖం చూసి, ఎవరు గెలిచారో గ్రహించి, చిరునవ్వును కాఫీ కప్పు వెనక దాచుకుంది.

భానుశ్రీది హిందూపురం. పెనుకొండ పక్కన కార్ల కర్మాగారం వచ్చాక, అక్కడికి చేరిన కొరియా కుటుంబాల పిల్లలకు ఇంగ్లీషు చెబుతూ తాను కొరియన్ నేర్చుకుంది. భాష ఆమెను నెమ్మదిగా సాహిత్యంలోకి లాగింది. ఇప్పుడు కొరియా మౌఖిక కథలను తెలుగు చేస్తోంది. ఆ కథలు చెప్పడానికే ఈ ప్రాజెక్టులోకి వచ్చింది.

ఆ సాయంత్రం చాయ్ తాగుతూ ఆమె రవీందర్‌కు పాన్సోరి గురించి చెప్పింది. ఒక గాయకుడు, ఒక డోలు వాయిద్యకారుడు, గంటల తరబడి సాగే కథ. డోలు వాయించేవాడు తాళం వేసి ఊరుకోడు. కథ నడుస్తుండగా "బాగుంది!" "అంతే మరి!" అని కేకలు వేస్తూ కథకుడికి ఊపిరి అందిస్తాడు.

"మొదట డోలువాడు, ఆ తర్వాతే గాయకుడు అని వాళ్ళ సామెత. అంతకన్నా గొప్ప మాట ఇంకోటుంది. ఏ గొంతు ఎక్కడ పలికిందో, ఎక్కడ తప్పిందో పట్టగలిగిన శ్రోతను చెవి విద్వాంసుడు అంటారు. పాడకుండానే విద్వాంసుడప్పా! అర్థమైతాందా?"

"అవును మేడం."

"ఏమర్థమైంది?"

రవీందర్‌కు చాలా అర్థమైంది. అదంతా మాటల్లో పెట్టేలోపు ఆమె చాయ్ అయిపోయింది.

*

తర్వాతి వారం ప్రొఫెసర్ సో కొత్త పద్ధతి ప్రవేశపెట్టింది. ఈ రంగంలో అది పాత పద్ధతే. యంత్రం వెనక ఒక మనిషిని దాచి, యంత్రమే పనిచేస్తోందని ఎదుటివారిని నమ్మించి, ఆ మనిషి చేసినదాన్ని తరువాత యంత్రానికి నేర్పుతారు. ఇది మోసమే, కాని అనుమతి తీసుకుని చేసే మోసం. 'కొన్ని వివరాలు ప్రయోగం ముగిశాకే చెబుతాము' అన్న షరతుకు కథకులందరూ ముందే ఒప్పుకుంటారు. భానుశ్రీ కూడా ఒప్పుకుంది. మారుకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించామని ఆమెకు చెప్పారు.

ఆ కొత్త సాఫ్ట్‌వేర్ రవీందర్.

గోడకు అవతలి చిన్న గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, అతడు మూడు మీటల ముందు కూర్చునేవాడు. ఒకటి నొక్కితే మారు పొట్టిగా ఊఁ అంటుంది, తరువాతేమైందని అడిగినట్టు. రెండోదానికి ఆశ్చర్యంతో సాగదీస్తుంది. మూడోదానికి గొంతు దించి బాధపడుతుంది. గొంతు యంత్రానిది, సమయం రవీందర్‌ది.

అతడు ఖాజాగూడలో పుట్టి పెరిగినవాడు, స్వభావరీత్యా మితభాషి. ఆ గదిలో కూర్చున్నాక తన మౌనానికి ఒక వృత్తి దొరికినట్టయింది. భానుశ్రీ ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, నవ్వును ఎక్కడ ఆపుకుంటుందో, విషాదం రాబోయే ముందు స్వరం ఎలా పల్చబడుతుందో అతడికి తెలిసిపోయింది. ఏ సెన్సరూ పట్టుకోలేనంత సన్నని సంగతులు అవి.

చిక్కల్లా గోడకు ఇవతలే. క్యాంటీన్‌లో ఆమె ఎదురుపడితే అంత విన్నవాడికి ఒక్క మాట దొరికేది కాదు.

"ఏమప్పా రవీందర్, సాంబారెట్లుంది?"

"మంచిగున్నది మేడం."

"ఉప్పే లేదు గదా దీంట్లో!"

"అవును మేడం, లేదు."

"మీకేదన్నా సొంత అభిప్రాయం ఉంటుందా, అది కూడా ఇన్‌స్టాల్ చేయాల్నా?"

పక్క బల్ల మీదివాళ్ళు నవ్వారు. రవీందర్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

ఒక సాయంత్రం కథ ముగిసింది. రికార్డింగ్ ఎర్రదీపం ఆరింది. నియమం ప్రకారం రవీందర్ హెడ్‌ఫోన్లు తీసి లేవాలి. బయట ఉన్నట్టుండి వాన అందుకుంది. కోకాపేట మేడలు ఒకటొకటిగా మబ్బులో కరిగిపోయాయి. కింద రోడ్డంతా ఆగిన కార్ల ఎర్రదీపాల బారు.

"మారూ, ఈ వానలో ఇంటికి పోలేను. కాసేపు మాట్లాడుకుందామా?" అంది భానుశ్రీ, ఖాళీ గదిలో, యంత్రంతో.

రవీందర్ వేలు మొదటి మీటను నొక్కింది. వేలు నొక్కిందని అనడం ఒక మర్యాద, అంతే, నొక్కింది రవీందరే.

"సియోల్‌లో పీహెచ్‌డీకి అప్లై చేసినా. వస్తే పోవాల. అమ్మ పొమ్మంటుంది. నాయన పొమ్మనడు, వద్దనడు. నాకేమో భయం. ఇంత చదివినా, ఒక కొత్త మాట చెప్పగలనా అని."

మూడో మీట.

"ఇక్కడ రవీందర్ అని ఒకడున్నాడు, నీ చెవులు చేసినాయన. తన నోరు మాత్రం చేసుకోలేదు, పాపం."

మళ్ళీ మూడో మీట. అంతకన్నా తగిన జవాబు అతడికి తోచలేదు.

ఆమె పకపకా నవ్వి, ఇంకా మాట్లాడింది. వాన తగ్గేదాకా మాట్లాడింది. ఆ తరువాత అదొక అలవాటైంది. వాన లేని సాయంత్రాల్లో కూడా కథ ముగిశాక ఆమె కాసేపు ఆగేది. గోడవతల అతడు ఆగేవాడు. ఇందులో హాని ఏముందని రవీందర్ తనకు తాను చెప్పుకున్నాడు. మనిషి ఇతరుల మాటకు సాక్ష్యం అడుగుతాడు గాని, సొంత సాకుకు అడగడు.

ఇంట్లో భాగ్యమ్మ మాత్రం కొడుకు వాలకాన్ని కనిపెట్టింది.

"ఏందిరా, ఒక్కనివే నవ్వుకుంటున్నవ్?"

"ఏం లేదమ్మా."

"ఏం లేనోడు పప్పుల నీళ్ళు పోసుకుంటడా?"

అతడు పళ్ళెంలోకి చూసుకుని అడిగాడు. "అమ్మా, ఒకళ్ళు మనం లేమనుకొని సొంత ముచ్చట చెప్పుకుంటే, మనం వినుడు తప్పేనా?"

"ఎవల ముచ్చట? పక్కింటోళ్ళదా? జల్ది చెప్పు!" అంటూ ఆమె పీట దగ్గరికి లాక్కుంది.

*

సియోల్ విశ్వవిద్యాలయపు సాహిత్య విభాగం నుంచి భానుశ్రీకి పిలుపు వచ్చింది. సోమవారం వీడియోలో ఇంటర్వ్యూ. శుక్రవారం నాడు ఆమె క్యాంటీన్‌లో రవీందర్ ఎదుట కూర్చుని, గొంతు తగ్గించి, కళ్ళు మెరుస్తుండగా చెప్పింది.

"నా దగ్గర ఒక సాక్ష్యముందప్పా. ఇంకా ఎవరికీ చెప్పలేదు, ప్రొఫెసర్ సోకు కూడా. ప్రయోగంలో మారు బాగా విన్నాదంటే ఎవరన్నా శంకిస్తారు, ముందే రాసుకున్న కథలు గదా అని. ప్రయోగం అయిపోయినాక నేను దాంతో ఊరికే మాట్లాడినా. సొంత మాటలు. ఎవరూ లేరు, రికార్డింగ్ లేదు. నా ఫోన్‌లో మాత్రం పెట్టుకున్నా. అప్పుడు కూడా అది సరైన చోటే ఊఁ అన్నాది! వినే విద్యను యంత్రానికి నేర్పొచ్చు అనేదానికి ఇంతకన్నా ఏం కావాల? సోమవారం అదే చెప్తా."

రవీందర్ చేతిలోని చెంచా ఆగిపోయింది.

ఎవరూ లేనప్పుడు జరిగింది కాబట్టి అది గట్టి సాక్ష్యమని ఆమె నమ్ముతోంది. ఎవరూ లేకుండా జరగనే లేదు. అతడు నోరు తెరవకపోతే ఆమె సోమవారం నాడు పెద్దల ఎదుట ఒక అబద్ధాన్ని నిజమని ప్రకటిస్తుంది. ఏదో ఒకరోజు అది బయటపడి, ఆమె పేరుకు మచ్చగా మిగులుతుంది. నోరు తెరిస్తే ప్రయోగ నియమం చెడుతుంది, అతడి స్థానం పోతుంది. అన్నిటికన్నా ముందు, తాను విన్నానని ఆమెకు తెలుస్తుంది.

నిజం చెప్పడానికి ధైర్యం కావాలంటారు. రవీందర్‌కు ధైర్యమేమీ రాలేదు. చెప్పకుండా ఉండే దారి కనబడలేదు, అంతే.

"మేడం, జర నాతోని రండ్రి," అన్నాడు.

గోడవతలి గది తలుపు తీశాడు. కుర్చీ, హెడ్‌ఫోన్లు, మూడు మీటలు. భానుశ్రీ వాటిని ఒకదాని తరువాత ఒకటి చూసింది. అతడు మూడో మీట నొక్కాడు. అవతలి గదిలో మారు బాధగా ఊఁ అంది.

ఆమె హెడ్‌ఫోన్లను చేతిలోకి తీసుకుని, మళ్ళీ కింద పెట్టింది.

"కథలప్పుడు నువ్వేనా?"

"నేనే. అది ప్రయోగంల భాగం. ఆఖరుకు మీకు చెప్తుంటిమి."

"కథలైపోయినాక?"

"అది ప్రయోగం కాదు. అది నా తప్పు."

"అంతా విన్నావా?"

"విన్న."

"నీ గురించి చెప్పింది కూడా?"

"విన్న."

"నీకు నోరు లేదు పాపమని నేనంటే, నువ్వే ఊఁ కొట్టినావా!" ఆమె గొంతులో కోపమూ నవ్వూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. చివరకు కోపం గెలిచింది. "నేను గోడతో మాట్లాడినాననుకుంటే సరిపోయేది. గోడ వెనక మనిషితో మాట్లాడించినావు. ఎంత సులకనగా ఉందో తెలుసునా?"

"తెల్సు. గని సోమవారం నాడు మీరు తప్పు చెప్పొద్దు. అందుకే..."

"ఆ ఒక్కటి మంచి పనే," అని ఆమె తలుపు తోసుకుని వెళ్ళిపోయింది.

రవీందర్ అదే మధ్యాహ్నం ప్రొఫెసర్ సోకు మొత్తం చెప్పాడు. ఆమె కేకలు వేయలేదు. ప్రయోగంలోని రికార్డింగులు పనికొస్తాయనీ, ఆ తరువాతి సంగతిని నివేదికలో రాయక తప్పదనీ, ఇకమీద ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటారనీ, ఈ పరిశోధన పత్రంలో అతడి పేరు ఉండదనీ నిదానంగా చెప్పింది. అతడు ఒప్పుకున్నాడు.

ఆదివారం సాయంత్రం ఫోన్ మోగింది. భానుశ్రీ.

"రేపు నువ్వు కూడా రావాల. ప్రయోగం గురించి అడిగితే, చేసినవాడు లేకుండా నేనొక్కదాన్నే ఏం చెప్పేది?"

"వస్త మేడం."

అతడు ఇంకేదో అనబోయేలోపు ఫోన్ పెట్టేసింది.

*

తెరమీద ముగ్గురు ఆచార్యులు. మధ్యలో ఉన్నాయన జుట్టు పూర్తిగా నెరిసింది. భానుశ్రీ కొరియన్‌లో మాట్లాడుతుంటే రవీందర్ పక్క కుర్చీలో, అర్థం కాకపోయినా, అలవాటు కొద్దీ ఆమె ఊపిరిని వింటూ కూర్చున్నాడు. ఆమె మొదట తాను పొరబడిన సంగతి చెప్పింది. యంత్రమనుకున్నది మనిషి అని చెప్పింది. ఆ తరువాత తన ఫోన్ రికార్డింగు వినిపించి, దాని కొరియన్ అనువాదాన్ని తెరపై పెట్టింది.

మొత్తం పెట్టింది. ఒక్క వాక్యం కూడా తీసేయలేదు. రవీందర్ ఉలిక్కిపడి చూశాడు.

"కోద్దామనే అనుకున్నా," అంది ఆమె, తెరనుంచి చూపు తిప్పకుండా, తెలుగులో, మెల్లగా. "కోస్తే అది సాక్ష్యం కాదు."

గదిలో ఆనాటి వాన చప్పుడు. ఆ వెంట ఆమె గొంతు: "ఆయన ఒక్క మాట మాట్లాడితే బాగుండు అనిపిస్తుంది మారూ. నాకెందుకు అట్లా అనిపించాల?"

ఆ ప్రశ్న తరువాత రికార్డింగులో ఊఁ లేదు. వాన ఒక్కటే పడుతోంది, చాలాసేపు.

నెరిసిన జుట్టు ఆచార్యుడు ఏదో అడిగాడు. భానుశ్రీ రవీందర్ వైపు తిరిగింది. "అంతవరకూ ప్రతిచోటా స్పందన ఉంది. ఇక్కడ ఎందుకు లేదు అని అడుగుతాండారు. నిన్నే."

రవీందర్ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. రెండు మాటల తరువాత ఇంగ్లీషు సాయం రాలేదు.

"మూడు మీటలే ఉన్నయ్ సార్," అన్నాడు తెలుగులో. "ఇంకా చెప్పుమనేది ఒకటి, అబ్బా అనేది ఒకటి, అయ్యో అనేది ఒకటి. నాక్కూడ గట్లనే అనిపిస్తున్నది అని చెప్పేటందుకు మీట లేకుండె."

భానుశ్రీ చెవులు ఎర్రబడ్డాయి. తెరమీద ముగ్గురూ అనువాదం కోసం ఎదురుచూస్తున్నారు. చెప్పింది చెప్పినట్టు చేరవేయడం అనువాదకుల ధర్మం. ఆ ధర్మం ఇంత బరువుగా ఉంటుందని ఆమెకు ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు. నీళ్ళు ఒక గుక్క తాగి, తెరవైపు తిరిగి, కొరియన్‌లో చెప్పింది. కాస్త పొడుగ్గానే చెప్పింది.

పెద్దాయన అరచేత్తో బల్లమీద ఒక్క దరువు వేసి, "చోత్తా!" అన్నాడు.

ఆ మాటకు "బాగుంది" అని అర్థమని రవీందర్‌కు తెలియదు. కాని అది ఏ స్వరంలో పలికిందో పట్టుకోవడం అతడికి కష్టం కాలేదు.

లిఫ్టు దగ్గర అతడే ముందు మాట్లాడాడు. అది వింతే.

"నేను చెప్పింది జరంత. మీరు చానా పొడుగు చెప్పిన్రు."

"మొదటి భాగం నీది. రెండోది నాది."

"మీదేంది?"

"యంత్రమైతే ఏదో ఒక మీట నొక్కేసేది అన్నా. ఏం నొక్కాలో తెలియక ఆగిపోయినాడంటే అవతల మనిషే ఉన్నాడని నేను ఆ పొద్దే కనిపెట్టాల్సింది, నా పరిశోధన ఇగ ఆ మౌనం గురించే అన్నా." 'ఇగ' అనే అతడి మాట తన నోట్లోకి ఎప్పుడొచ్చిందో ఆమె గమనించలేదు. "నీ మీద కోపం ఇంకా పోలేదు. గుర్తుపెట్టుకో."

"పెట్టుకుంట."

కోపం తగ్గడానికి కొంతకాలం పట్టింది. ఆమె అడిగినవాటికి అతడు జవాబులు చెప్పాల్సి వచ్చింది, గోడ లేకుండా, ఎదురుగా కూర్చుని. కొన్ని జవాబులు తప్పయ్యాయి. తప్పయినవాటినే ఆమె ఎక్కువగా ఇష్టపడింది.

వానలు వెనకబడుతున్న రోజుల్లో సియోల్ నుంచి సీటు ఖాయమైందన్న ఉత్తరం వచ్చింది. ఇద్దరూ ఖాజాగూడ చెరువు దగ్గరి రాళ్ళమీద కూర్చున్నారు.

"నేను పోకుండా ఉంటే నీకు సంతోషం గదా?" అంది భానుశ్రీ.

అలవాటు ప్రకారం అవును అనవలసిన చోటు.

"సంతోషమే. గని పోకుంటే తప్పు. పోవాలె మీరు."

ఆమె అతడి వంక తేరిపార చూసింది. "నా మాట కాదన్నావు! ఇదే మొదలు."

"మంచిగ లేదా?"

"బాగుంది. ఇంకో రెండుసార్లు కాదని చెప్పు."

అతడు కాసేపు ఆలోచించాడు. "మేడం అనుడు బంద్ చేస్త. మీరు అనుడు మాత్రం ఇప్పుడే బంద్ చెయ్య."

"యాల?"

"అలవాటైంది. మెల్లగ పోతది."

"అంటే నేను డాక్టరేటుతో తిరిగొచ్చేదాకా ఇట్లా మీరు, గీరు అంటూ ఆగాల్నా?"

"కాదు," అన్నాడు రవీందర్, ఈసారి తడుముకోకుండా. "రేపు మా ఇంటికి రండ్రి. మా అమ్మ చూస్తనంటున్నది."

"నన్నా? ఏం చెప్పినావు నా గురించి?"

"ఏం చెప్పలే. నా కొడుకు ఇన్నేండ్లకు నోరు తెరిచిండు, తెరిపించిన పిల్లెవరో చూడాలె అంటున్నది."

భానుశ్రీ నవ్వాపుకుంది. ఎక్కడ ఆపుకుందో అతడికి తెలిసింది.

"మీ అమ్మన్నా మాట్లాడుతుందా, మీ వంశమంతా ఇంతేనా?"

"మా అమ్మ మొదలుపెడితే మీకు సందు దొరకది."

"సరేలే," అంది ఆమె లేచి, చీర కుచ్చిళ్ళకు అంటిన మట్టి దులుపుకుంటూ. "నేను ఊఁ కొడతాలే."